ర్యాంకు ఒకటి చెప్తుంది, తెల్లకాగితం ఇంకొకటి: బీటెక్ మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు – ఒక కేస్ స్టడీ

ఎక్స్ విలువ 0 నుంచి 1 వరకు, వై విలువ ఎక్స్² నుంచి 2 − ఎక్స్ వరకు. ఈ హద్దుల్లో ఎక్స్‌వై డబుల్ ఇంటిగ్రల్‌ని ఆర్డర్ (ఏ వేరియబుల్‌ని ముందు ఇంటిగ్రేట్ చేయాలన్న వరస) మార్చి కట్టాలి. జేఎన్‌టీయూ పాత ప్రశ్నపత్రాలు తిరగేసినవాళ్లకు ఈ లెక్క ఎదురవుతూనే ఉంటుంది. జవాబు 3/8. గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు మ్యాథ్స్ చెప్పే నాకు ఈ ఒక్క లెక్క జవాబుపత్రాల్లో వందల రూపాల్లో కనిపించింది. ఒక విచిత్రం మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది. ఆర్డర్ మార్చాక హద్దులు ఎంత తప్పుగా రాసినా, మధ్యలో ఏ అంకెలు వేసినా, చివరి లైనులో 3/8 ప్రత్యక్షమవుతుంది. జవాబు కంఠతా ఉంది. దారి మాత్రం తెలియదు.

ఆ దారిలో క్యాలిక్యులస్ కష్టం పెద్దగా ఏమీ లేదు. వై = ఎక్స్² అనే పారాబోలా, వై = 2 − ఎక్స్ అనే గీత, రెండూ (1, 1) దగ్గర కలుస్తాయి. బొమ్మ గీస్తే, వై దిశలో చూసినప్పుడు ఆ ప్రాంతం రెండు ముక్కలని వెంటనే తెలుస్తుంది. కింది ముక్కలో వై 0 నుంచి 1, పైముక్కలో 1 నుంచి 2. కింది ముక్క 1/6 ఇస్తుంది, పైది 5/24 ఇస్తుంది, కలిపితే 3/8. బొమ్మ గీయనివాడు ఒకే ఇంటిగ్రల్ రాసి ఇరుక్కుపోతాడు. అంటే ఇంటిగ్రేషన్ పేరుతో వాడు తప్పుతున్నది ఒక సరళరేఖను, ఒక పారాబోలాను గీయడంలో. సరళరేఖ పదో తరగతి లోపే వచ్చేసింది. పారాబోలా వాళ్లు చదివిన ఇంటర్ రెండో సంవత్సరంలో పెద్ద అధ్యాయం.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో క్యాలిక్యులస్‌లో ఫెయిలయ్యే పిల్లల్లో ఎక్కువమందికి లోటు క్యాలిక్యులస్‌లో లేదు. అంతకన్నా కిందే ఉంది. ఎంట్రన్స్ ర్యాంకు ఆ లోటును చూపించదు. కాబట్టి ఎవరికి ఎక్కడ సాయం కావాలో తేల్చడానికి ర్యాంకు లిస్టు పనికిరాదు. వాళ్లచేత తెల్లకాగితం మీద రాయించి చూడాలి.

మనకు ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగమే

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్‌లో చేరేవాళ్లకు మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంటుంది. అలెక్స్ అనే ఆన్‌లైన్ పరీక్ష బాగా వాడుకలో ఉంది. గరిష్ఠంగా 30 ప్రశ్నలు, నూటికి ఒక స్కోరు. ఆ స్కోరును బట్టి నేరుగా క్యాలిక్యులస్ 1లో కూర్చోవాలా, ముందు ప్రీక్యాలిక్యులస్ చదవాలా, ఇంకా కింద కాలేజీ ఆల్జీబ్రాతో మొదలుపెట్టాలా అన్నది యూనివర్సిటీ తేలుస్తుంది. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. ప్లేస్‌మెంట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది నాలుగో ఏడు, క్యాంపస్ ఇంటర్వ్యూలు.

ఇక్కడ ఐదొందల ర్యాంకు వచ్చినవాడికీ, లక్ష దాటిన ర్యాంకుతో చేరినవాడికీ మొదటి సెమిస్టర్‌లో పేపరు ఒకటే. మా కాలేజీ జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధం. ఆర్23 రెగ్యులేషన్ (2023లో వచ్చిన సిలబస్)లో మొదటి సెమిస్టర్ పేపరు లీనియర్ ఆల్జీబ్రా అండ్ క్యాలిక్యులస్, రెండో సెమిస్టర్‌ది డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ క్యాలిక్యులస్. మొదటి పేపరులో ఐదు యూనిట్లు. మ్యాట్రిక్సుల ర్యాంకు, ఐగెన్ విలువలతో మొదలై, మీన్ వాల్యూ థీరమ్‌ల మీదుగా, పార్షియల్ డెరివేటివ్స్ దాటి, మల్టిపుల్ ఇంటిగ్రల్స్‌తో ముగుస్తుంది. 30 ఇంటర్నల్, 70 ఎక్స్‌టర్నల్. ఎవరు ఏ స్థాయిలో చేరినా బస్సు ఒకే స్టాపులో ఆగి అందర్నీ ఎక్కించుకుని, ఒకే వేగంతో పోతుంది.

ఒకే సిలబస్ తప్పని చోట ప్లేస్‌మెంట్ చేయాలంటే మిగిలేది ఒక్కటే, క్లాసులు ఊపందుకునే ముందు దొరికే సందు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నమూనా ప్రకారం కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ ఉండాలి. యోగా, ఆటలు, అతిథుల ఉపన్యాసాలు, ఊరు చూపించడం అన్నీ అందులోనే. దాన్నుంచి రోజుకు కొన్ని గంటలు మ్యాథ్స్‌కి ఇమ్మని అడిగాం. ఇచ్చారు. నిజం చెప్పాలంటే అతిథులు దొరకని రోజులు ఎక్కువే ఉంటాయి కాబట్టి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

ఇలా అసలు పాఠాలకు ముందు లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు మాట కొత్తదేమీ కాదు. ఏఐసీటీఈ 2021-22 హ్యాండ్‌బుక్‌లో 14 సబ్జెక్టుల్లో ఏ మూడైనా చదివినవాళ్లు ఇంజనీరింగ్‌లో చేరవచ్చని రాసినప్పుడు దేశమంతా గొడవైంది. మ్యాథ్స్ లేకుండా ఇంజనీరింగా అని. వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చినవాళ్లకు యూనివర్సిటీలు బ్రిడ్జి కోర్సులు పెట్టాలని అందులోనే ఉంది. మా రాష్ట్రంలో ఎంట్రన్స్ ద్వారా వచ్చేవాళ్లంతా ఎంపీసీ వాళ్లే కాబట్టి ఆ గొడవ మాకు తగల్లేదు. ఇంటర్‌లో రెండేళ్లు మ్యాథ్స్ చదివాడు కాబట్టి బ్రిడ్జి అక్కర్లేదని అందరూ అనుకునేవాళ్లు. మా అనుభవంలో ఆ అనుకోవడమే అసలు చిక్కు.

ర్యాంకు ఏం కొలుస్తుంది

మా ఇంజనీరింగ్ ఎంట్రన్స్ అయిన ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో మ్యాథ్స్ 80. ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, తప్పు రాస్తే కోత లేదు. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లకు అర్హత మార్కు మొత్తంలో 25 శాతం, అంటే 40. ప్రాబబిలిటీ చెప్పేటప్పుడు నేను దీన్ని క్లాసులో లెక్కగా ఇస్తాను. ప్రశ్న చదవకుండా 160కీ కళ్లు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ నొక్కినవాడికి సగటున ఎన్ని మార్కులు రావాలి? 160లో నాలుగోవంతు, 40. క్లాసంతా నవ్వుతుంది. తర్వాత కొంతమంది నవ్వు ఆపేస్తారు.

పై ర్యాంకులవాళ్ల గురించి ఈ మాట అనడం లేదు. వాళ్లకు నిజంగా చాలా వచ్చు. కానీ ప్రశ్నకు నిమిషం కాస్త ఎక్కువ దొరికే పరీక్షలో నెగ్గడానికి అలవడే నేర్పు వేరు. ఆప్షన్లు తెచ్చి ఈక్వేషన్‌లో పెట్టి చూడటం, ఎక్స్‌కి 0, 1 వేసి మూడు ఆప్షన్లు కొట్టేయడం, రెండు ఫార్ములాల్లో ఏది దగ్గరగా ఉందో పసిగట్టడం. తెలివైన పనులే. కాకపోతే ఆప్షన్లు లేని కాగితం ముందు ఇవేవీ పనిచేయవు.

ఇంటర్ బోర్డు పరీక్షది ఇంకో తంతు. 75 మార్కుల పేపర్లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడిచ్చి ఐదు రాయమనేవారు. నాలుగు మార్కులవీ అంతే, ఏడింటిలో ఐదు. దాంతో ఏ చాప్టర్ నుంచి ఎన్ని మార్కులు వస్తాయో లెక్కేసి, కొన్నిటిని ముందే వదిలేసుకోవడం లెక్చరర్లే నేర్పించేవారు. బ్రిడ్జి మొదటిరోజుల్లో నేను ఎక్కువగా విన్న వాక్యం "అది ఛాయిస్‌లో వదిలేశాం మేడమ్". డెఫినిట్ ఇంటిగ్రల్స్‌లో ఏరియాలు ఛాయిస్‌లో పోయాయి. 1బీలో (ఇంటర్ మొదటి సంవత్సరం రెండో మ్యాథ్స్ పేపరు) రేట్ మెజర్, అంటే మారే వేగాల చాప్టర్, ఛాయిస్‌లో పోయింది. 75కి 75 వచ్చినవాడికి కూడా ఈ కన్నాలు ఉంటాయి, మార్కుల మెమో మీద మాత్రం కనపడవు.

తెల్లకాగితం పరీక్ష

పరీక్షకు ఆప్షన్లు పెట్టలేదు. కాలిక్యులేటర్ వద్దన్నాం. ఇంటర్నల్ మార్కులతో సంబంధం లేదని, తెలియకపోతే "తెలియదు" అని రాయమని ముందే చెప్పాం. ప్రశ్నల్లో సగానికి పైగా ఇంటర్‌ కన్నా కింది స్థాయివే పెట్టాం. అది చూసి తోటి లెక్చరర్లు కొందరు "పిల్లలు నవ్వుతారు" అన్నారు.

కొన్ని ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబుల తీరు చెప్తాను.

ఎక్స్² = 4ఎక్స్ అయితే ఎక్స్ ఎంత? ఇటూ అటూ ఎక్స్ కొట్టేసి 4 అని రాసినవాళ్లే ఎక్కువ. 0 కూడా జవాబేనని గుర్తున్నవాళ్లు తక్కువ. ఇది చిన్న తప్పులా కనిపిస్తుంది. పార్షియల్ డెరివేటివ్స్‌లో గరిష్ఠ కనిష్ఠాలు వెతికేటప్పుడు ఇదే అలవాటు వల్ల సగం క్రిటికల్ పాయింట్లు మాయమవుతాయి. లగ్రాంజ్ మల్టిప్లయర్ లెక్కల్లోనూ అంతే, కొట్టేసిన వేరియబుల్‌తోపాటు జవాబు కూడా పోతుంది.

√(ఎక్స్² + 9) ని ఎక్స్ + 3 అని రాసినవాళ్లు ఉన్నారు. ఇది తప్పని వాళ్లకు తెలుసు. ఎక్స్‌కి 4 వేసి చూడమంటే 5 ఎక్కడ, 7 ఎక్కడ అని వాళ్లే నాలిక కరుచుకుంటారు. కానీ తొందరలో చెయ్యి అలాగే పోతుంది.

1/ఎక్స్² ని −1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేయమన్నాం. దాదాపు అందరూ −2 అన్నారు. మంచి ర్యాంకులవాళ్లు మిగతావాళ్ల కన్నా వేగంగా అన్నారు. 1/ఎక్స్² ఎక్కడా నెగటివ్ కాదు, దాని కింద వైశాల్యం నెగటివ్ ఎలా అవుతుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. 0 దగ్గర ఆ ఫంక్షన్ పైకి ఎగిరిపోతుంది కాబట్టి మామూలు సూత్రం అక్కడ చెల్లదు. ఈ ప్రశ్న పెట్టింది ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్ వచ్చా అని చూడటానికి కాదు. వచ్చిన జవాబును ఒకసారి తేరిపార చూసే అలవాటు ఉందా అని చూడటానికి.

వై = ఎక్స్² − 4ఎక్స్ + 3 బొమ్మ గీయండి అంటే, 1, 2, 3 విలువలు వేసి చుక్కలు పెట్టి స్కేలుతో కలిపినవాళ్లు కనిపించారు. పారాబోలా ఈక్వేషన్ ఇస్తే ఫోకస్, డైరెక్ట్రిక్స్, లాటస్ రెక్టమ్ పొడవు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు వీళ్లు.

చివరి ప్రశ్న మా ప్రాంతం కోసం పెట్టింది. రొయ్యల చెరువు గట్లు ఏటవాలుగా ఉన్నాయి. మోటారు గంటకు ఒకే మోతాదులో నీళ్లు పోస్తోంది. నీటిమట్టం పెరిగే వేగం పోనుపోను పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా? ఎందుకో రెండు లైన్లు రాయండి.

దిద్దేటప్పుడు మార్కులు వేయలేదు. తప్పును నాలుగు రకాలుగా మాత్రం గుర్తుపెట్టాం. లెక్క తప్పు, ఆల్జీబ్రా తప్పు, బొమ్మ తప్పు, అడిగింది అర్థం కాకపోవడం. ఈ నాలుగు గుర్తులు ఏ విద్యార్థి కాగితం మీద ఎక్కడ గుమిగూడాయో చూసి గుంపులు చేశాం. మొదటి గుంపుకు బ్రిడ్జి అక్కర్లేదు, వాళ్లకు కష్టమైన లెక్కలిచ్చి వదిలేశాం. రెండో గుంపుకు బొమ్మలు. మూడో గుంపుకు ఆల్జీబ్రా మొదటినుంచి. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టలేదు. పెడితే సాయంత్రానికల్లా హాస్టల్లో వేరే పేర్లు పుట్టేవి. గది నంబర్లతోనే పిలిచాం.

ఇద్దరు విద్యార్థులు

పద్ధతి ఎలా పనిచేసిందో చెప్పడానికి ఇద్దరి సంగతి చాలు.

ఒకరు భీమవరం వైపు నుంచి వచ్చిన అబ్బాయి. పేరున్న జూనియర్ కాలేజీ, మా కాలేజీకి మంచి ర్యాంకే. తెల్లకాగితం మీద మూడో గుంపులో పడ్డాడు. రెండోరోజు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు.

"మేడమ్ గారండీ, మావోడు ఇంటర్‌లో మ్యాథ్స్‌కి ఫుల్లు మార్కులండీ. ర్యాంకు కూడా బానే వచ్చిందండి. మరి వెనకబడినోళ్ల రూములో కూర్చోబెట్టారంట?"

"వెనకబడిన రూము కాదండీ. రెండు వారాలు ఆల్జీబ్రా చెప్తాం అంతే. మీరొకసారి వచ్చి వాడి పేపరు చూడండి."

"ఆయ్, పేపరు చూసినా నాకేం తెలుస్తుందండీ. వాడు టెన్షన్ పడుతున్నాడని వాళ్లమ్మ ఒకటే గోల."

ఆయన రాలేదు కానీ అబ్బాయి వచ్చాడు, పేపరు పట్టుకుని. మిగతావన్నీ పక్కనపెట్టి చెరువు ప్రశ్న అడిగాను. జవాబు సరిగ్గా రాశాడు, "తగ్గుతుంది" అని. కారణం రాయమన్న చోట ఖాళీ. ఎందుకు తగ్గుతుందో నోటితో చెప్పమంటే తడుముకోకుండా చెప్పాడు. వాళ్లకు చెరువులున్నాయి. నీళ్లు పైకొచ్చేకొద్దీ పరుపు వెడల్పవుతుంది, అదే నీళ్లకు మట్టం తక్కువ లేస్తుంది. మొదట్లో గంటకు జానెడు లేచింది, చివర్లో బెత్తెడు కూడా లేవదు.

"ఇదే రాయొచ్చుగా?"

"ఇది మ్యాథ్స్ కాదుగా మేడమ్."

బోర్డు మీద వాడి మాటల్నే రాశాను. వీ అంటే నీళ్ల ఘనపరిమాణం, హెచ్ అంటే మట్టం, ఏ అంటే ఆ మట్టం దగ్గర నీటి పరుపు వైశాల్యం. వీ మారే వేగం = ఏ × హెచ్ మారే వేగం. ఎడమవైపు మోటారు, అది మారదు. ఏ పెరుగుతోంది. మరి రెండోది? వాడే పూర్తిచేశాడు. తర్వాత 1బీలో ఛాయిస్‌లో వదిలేసిన రేట్ మెజర్ చాప్టర్ ఇదేనని తెలిసి కాస్త కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపం ఎవరి మీదో నేను అడగలేదు.

వాడికి అర్థం చేసుకునే శక్తిలో లోపం లేదు. అర్థమైనదాన్ని ఈక్వేషన్‌గా రాయడం ఎవరూ అడగలేదు, వాడు చేయలేదు. ఆ పైన ఆల్జీబ్రాలో చెయ్యి నిలకడ లేదు. రెండోది సాధనతో పోయేది. మొదటిదానికి సెమిస్టర్ అంతా పట్టింది.

రెండో విద్యార్థి ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీ, తెలుగు మీడియం. ర్యాంకు చూస్తే సెక్షన్‌లో అడుగున ఉంటుంది. కాగితం చూస్తే ఆల్జీబ్రా తప్పు ఒక్కటీ లేదు. ప్రతి లైనూ కిందిలైనుకు కారణం చెప్తూ నడిచింది. పారాబోలా చక్కగా వంగింది. ఎక్స్² = 4ఎక్స్‌కి రెండు జవాబులూ రాసింది. మరి ర్యాంకు? పరీక్షలో టైము చాలలేదంది. మ్యాథ్స్ 80లో సగం దాకా వచ్చేసరికి గంటన్నర అయిపోయిందట. ప్రతిదీ పూర్తిగా చేసి చూసుకుని ముందుకెళ్లడం అలవాటు. ఎంట్రన్స్‌లో దెబ్బతీసిన ఆ అలవాటే ఇంజనీరింగ్‌లో కావలసింది.

ర్యాంకు చూసి గుంపులు చేసి ఉంటే ఈ అమ్మాయి మూడో గదిలో కూర్చుని, తనకు వచ్చినవే మళ్లీ వింటూ, తనకేమీ రాదని నమ్మేసేది. మొదటి గుంపులో కూర్చోబెట్టాం. తనకు నిజంగా అడ్డొచ్చింది క్లాసులో దొర్లే ఇంగ్లిష్. అవకలనం, సమాకలనం, అవధి, ప్రమేయం తెలిసిన పిల్లకు డెరివేటివ్, ఇంటిగ్రల్, లిమిట్, ఫంక్షన్ కొత్త కాదు, చెవికి అలవాటు కావాలంతే. తెలుగు మీడియం వాళ్లందరికీ రెండు వరసల పదాల షీటు ఒకటి ఇచ్చి, మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) దాకా జవాబుల్లో వివరణ తెలుగులో రాసినా దిద్దుతామన్నాం. ఆ వెసులుబాటు ఆమె రెండు వారాలకు మించి వాడుకోలేదు.

బ్రిడ్జిలో జరిగింది

మూడో గదిలో పాఠం చెప్పడం దాదాపు లేదు. షీట్లు. ఒక్కో షీటులో ఒకే రకం పని. భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, ఫ్యాక్టర్లు, ఇనీక్వాలిటీలు. షీటు మొత్తం తప్పు లేకుండా రాస్తేనే తర్వాతిది. ఎన్నిసార్లయినా రాయవచ్చు, ప్రతిసారీ అంకెలు మారతాయి. తప్పున్న లైను కింద గీత గీస్తాం, సరైనది రాయం. ఏది తప్పో వాళ్లే పట్టుకోవాలి. నూటికి తొంభై వచ్చినా ఇక్కడ చాలదు అన్నది పిల్లలకు మింగుడుపడలేదు. పదింట్లో తొమ్మిది ఒప్పయితే స్కూల్లో శభాష్ అంటారు. పది స్టెప్పులున్న ఒక లెక్కలో ఒక స్టెప్పు తప్పితే జవాబు పోయినట్టేనని వివరించాక ఒప్పుకున్నారు.

రెండో గదిలో సరంజామా అంతా గ్రాఫు కాగితం, పెన్సిలు. ముందు చేత్తో గీయాలి, ఆ తర్వాతే ఫోన్లో గ్రాఫులు గీసే డెస్మోస్ యాప్ తెరిచి సరిచూసుకోవాలి. ఈ వరస తిరగబడితే ఉపయోగం ఉండదు. ఫోన్ ముందు చూసినవాడు చూసినదాన్ని నకలు చేస్తాడు. ఒకే అక్షాల మీద సైన్ ఎక్స్, 2 సైన్ ఎక్స్, సైన్ 2ఎక్స్ గీయమంటే మొదట్లో మూడూ ఒకేలా వచ్చాయి. 30 డిగ్రీల దగ్గర విలువలు వేయించాం. 2 సైన్ ఎక్స్ 1 అవుతుంది, సైన్ 2ఎక్స్ 0.866 అవుతుంది. ఒకటి ఎత్తు పెంచుతుంది, రెండోది దగ్గరకు నొక్కుతుంది అని పిల్లలే అన్నారు. ఈసీఈ వాళ్లకు రెండో ఏడు సిగ్నల్స్ పేపర్లో బాగా పనికొచ్చే ముక్క ఇది.

రెండు గుంపులకూ కలిపి చేసినది ఇంకొకటుంది. ఒహాయోలోని రైట్ స్టేట్ యూనివర్సిటీ 2004లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఇంజనీరింగ్ పిల్లలకు మొదటి మ్యాథ్స్ కోర్సును ఇంజనీరింగ్ అధ్యాపకులే, ఇంజనీరింగ్ లెక్కలతోనే, ల్యాబ్‌లతో చెప్పడం. క్యాలిక్యులస్ వరస మొత్తం పూర్తయ్యేదాకా ఆగకుండానే కోర్ సబ్జెక్టుల్లోకి పంపడం. అంత మార్పు మా చేతిలో లేదు, సిలబస్ యూనివర్సిటీది. దానిలో ఒక తునక తెచ్చుకున్నాం. సివిల్, ఈఈఈ విభాగాల నుంచి ఒక్కో లెక్చరర్‌ని కొన్ని గంటలు అడిగాం.

సివిల్ సార్ రెండు ఇటుకల మీద ప్లాస్టిక్ స్కేలు పెట్టి, మీద బరువు పరిచి, ఎక్కడ ఎక్కువ వంగిందని అడిగారు. మధ్యలో. ఎల్ పొడవున్న బీము మీద మీటరుకు డబ్ల్యూ బరువు సమానంగా ఉంటే, ఒక చివర నుంచి ఎక్స్ దూరంలో బెండింగ్ మూమెంట్ డబ్ల్యూ × ఎక్స్ × (ఎల్ − ఎక్స్) / 2. దీన్ని డిఫరెన్షియేట్ చేసి సున్నాకు సమానం చేస్తే ఎక్స్ = ఎల్/2. విలువ డబ్ల్యూఎల్²/8. ఆ డెరివేటివే షియర్ ఫోర్స్. గరిష్ఠ కనిష్ఠాలు ఇంటర్‌లో వంద చేసిన పిల్లలు, ఒక డెరివేటివ్‌కి బరువు ఉంటుందని మొదటిసారి చూశారు. ఈఈఈ మేడమ్ కెపాసిటర్ కరెంటుతో అదే పని చేశారు, వోల్టేజి గ్రాఫు ఇచ్చి కరెంటు గ్రాఫు గీయించారు. చదునుగా ఉన్నచోట సున్నా, నిటారుగా ఉన్నచోట ఎక్కువ. ఫార్ములా ఒక్కటీ వాడలేదు.

లగ్రాంజ్ మీన్ వాల్యూ థీరమ్‌కి నేను హైవే లెక్క ఇస్తాను. కలపర్రు టోల్‌గేటు దాటిన టైమూ, ఉంగుటూరు టోల్‌గేటు దాటిన టైమూ ఫాస్టాగ్ మెసేజిలో ఉంటాయి. మధ్య దూరాన్ని టైముతో భాగిస్తే గంటకు 110 వచ్చిందనుకుందాం. దారిలో ఎక్కడా స్పీడ్ కెమెరా లేకపోయినా, ఏదో ఒక క్షణంలో బండి సరిగ్గా 110 మీద ఉందని కోర్టులో చెప్పొచ్చా? చెప్పొచ్చు. థీరమ్ చెప్పేది అంతే. 1 నుంచి ఇ వరకు లాగ్ ఎక్స్‌కి సీ = ఇ − 1 అని కంఠతా పట్టినవాళ్లకు, ఆ సీ అనేది దారిలో ఒక చోటు అని ఇప్పుడు తెలిసింది.

మొదటి మిడ్ తర్వాత

మొదటి మిడ్‌లో మ్యాట్రిక్సుల భాగం అందరూ బాగా రాశారు. ఇందులో బ్రిడ్జి గొప్పేమీ లేదు, రో ఆపరేషన్లు ఒక దారిలో పడితే ఎవరికైనా వస్తాయి. మూడో గదివాళ్లలో మార్పు కనిపించిన చోటు వేరు. గాస్ ఎలిమినేషన్ మధ్యలో భిన్నాలొస్తే పెన్ను ఆపేసేవాళ్లు ఇప్పుడు ఆపలేదు.

సెమిస్టర్ చివర్లో మొదట చెప్పిన డబుల్ ఇంటిగ్రల్‌నే కొంచెం మార్చి క్లాస్ టెస్టులో ఇచ్చాం. గీతను 2 − ఎక్స్ నుంచి 6 − ఎక్స్‌కి, ఎక్స్ హద్దును 1 నుంచి 2కి మార్చాం. పారాబోలా, గీత (2, 4) దగ్గర కలుస్తాయి, వై 4 దగ్గర ముక్కలు విడిపోతాయి. కంఠతా జవాబు ఇక్కడ పనికిరాదు. రెండో గదిలో ఎక్కువమంది బొమ్మ గీసి, రెండు ముక్కలు చేశారు. కొందరు ఇంటిగ్రేషన్‌లో తప్పారు, అది వేరే సంగతి. బ్రిడ్జి అక్కర్లేదని వదిలేసిన మొదటి గుంపులో కొందరు బొమ్మ గీయకుండా ఒకే ముక్కగా చేసి పోగొట్టుకున్నారు. వాళ్లలో నాకు నచ్చనిది ఒకటే, బొమ్మ గీయడం చిన్నతనం అనుకోవడం.

అందరికీ పనిచేయలేదు. కౌన్సెలింగ్ చివరి విడతలో, స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లు వచ్చేసరికి ఇండక్షన్ అయిపోయింది. వాళ్ల చేతికి షీట్లు ఇచ్చాం, కానీ పక్కన కూర్చుని గీత గీసేవాళ్లు లేకపోతే షీటు కాగితమే. మూడో గదిలో కొద్దిమంది లాగరిథమ్‌ల షీటు దగ్గరే ఆగిపోయారు. వాళ్లకు మొదటి సెమిస్టర్ పేపరు మిగిలిపోయింది కూడా. వాళ్లను చూశాక నాకు అనిపించింది, రెండు వారాల్లో బాగయ్యేది మరిచిపోయిన ఆల్జీబ్రా మాత్రమే. ఎన్నడూ నేర్చుకోని ఆల్జీబ్రాకు వారానికి ఒక గంట చొప్పున ఏడాది కావాలి. టైంటేబుల్లో ఆ గంట సంపాదించడం హెచ్ఓడీ గారితో ఇంకా నడుస్తున్న బేరం.

భీమవరం అబ్బాయి పేపరు పాసయ్యాడు, గొప్ప గ్రేడేమీ కాదు. కానీ రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ యూనిట్ అతనికి సులువుగా పోయింది. చల్లారే వస్తువు, పెరిగే జనాభా, ఆర్‌సీ సర్క్యూట్ లాంటి లెక్కల్లో మిగతావాళ్లు మోడల్ కోసం గైడు వెతుకుతుంటే ఇతను మాటల్ని ఈక్వేషన్ చేసేస్తున్నాడు. ఏజెన్సీ అమ్మాయి ఇప్పుడు మూడో గదిలో షీట్లు దిద్దడానికి సాయంత్రాలు వస్తోంది. ఆమె గీసే గీతలకు పిల్లలు నాకన్నా ఎక్కువ భయపడతారు.

తర్వాతి బ్యాచ్‌కి రెండు మార్పులు చేశాం. పరీక్ష ముందే తల్లిదండ్రులకు ఒక పేజీ లెటర్ పంపుతున్నాం, గది మారడం శిక్ష కాదని, ర్యాంకుతో సంబంధం లేదని. ఫోన్లు తగ్గాయి, ఆగలేదు. రెండోది, ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరే డిప్లొమా పిల్లలకు కూడా అదే తెల్లకాగితం ఇస్తున్నాం. వాళ్లకు మొదటి సంవత్సరం రెండు మ్యాథ్స్ పేపర్లూ ఉండవు. పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ చదివి వస్తారు కానీ డబుల్ ఇంటిగ్రల్స్‌ వాడే సబ్జెక్టులు మూడో సెమిస్టర్‌లోనే మీదపడతాయి. బీము లెక్క మాత్రం వాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది సివిల్ సార్ స్కేలూ ఇటుకలూ పట్టుకెళ్తే, మొదటి సంవత్సరం వాళ్ల ముందు ఆ క్లాసు తామే తీసుకుంటామని డిప్లొమా పిల్లలే అడిగారు. ఒప్పుకున్నాం. టైంటేబుల్లో దానికి శుక్రవారం చివరి గంట దొరికింది.